ఒకటి అవును, రెండు కాదు

కూర్చోండమ్మా, ఎంతసేపని నిలబడతారు అని నర్సు ఇప్పటికి మూడుసార్లు అడిగింది. నిలబడతాను. నా కాళ్ళు, నా ఇష్టం. ఆ తలుపు అవతల నా కూతురు ఒళ్ళు తెలియకుండా నోరు తెరుచుకుని పడుకుని ఉంటే, ఇవతల నేను ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చోవాలా? తలుపుకి గుండ్రటి అద్దం ఉంది. ఎవరూ తొంగిచూడకుండా దానికి లోపలివైపు తెల్లకాగితం అంటించారు. ఆ కాగితం ఒక మూల ఊడింది. ఊడినంత మేర నాకు కనిపించేది ఒక గోడ, గోడ మీద ఒక స్విచ్చు, అంతే. ఆ స్విచ్చునే చూస్తున్నాను. పదిన్నరకి లోపలికి తీసుకెళ్ళారు, ఇప్పుడు పదీ యాభై, పన్నెండింటి దాకా ఆ గది మాది, పన్నెండు దాటితే ఇంకెవరిదో. ఈలోగా నా కూతురి నోట్లో ఏ పళ్ళు ఉంటాయో ఏవి పోతాయో తేలిపోతుంది. వెనక పళ్ళు పోతే పోనీ, నాకు దిగుల్లేదు, నాకే రెండు లేవు. ముందు పళ్ళు, పైన రెండూ కింద రెండూ, ఆ నాలుగూ మాత్రం పోవడానికి వీల్లేదు. ఈ సంగతి పెద్ద డాక్టరుకి నోటితో చెప్పాను, కాగితం మీద రాసిచ్చాను, నిన్న ఫోన్ చేసి మళ్ళీ చెప్పాను. ఆయన "చూద్దాం లెండి" అన్నారు. చూద్దాం అంటే ఏమిటో నాకు తెలియదూ! ఇరవై రెండేళ్ళుగా నేను జనానికి చెబుతున్న మాట అదే.

నేను పనిచేసేది నీటి సరఫరా ఆఫీసులో, ఫిర్యాదుల కౌంటరు దగ్గర. కుళాయి రావడం లేదని ఒకరు, వచ్చినా బురదొస్తోందని ఇంకొకరు, పొద్దున తొమ్మిదింటి నుంచి జనం నా మొహాన అరిచిపోతూ ఉంటారు, నేను తలూపుతూ రాసుకుంటూ ఉంటాను. చూస్తాం అంటే చూడం. పైకి పంపాం అంటే సొరుగులో పెట్టాం. రూల్సు ఒప్పుకోవు అంటే మాకు బద్ధకం. ఈ భాషంతా నాకు కంఠోపాఠం కాబట్టే, పొద్దున ఒప్పుకోలు కాగితం చేతికిచ్చి ఇదిగో ఇక్కడ సంతకం పెట్టండమ్మా అని నర్సు వేలితో చూపించిన చోటు వదిలేసి, మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాను. వెనకాల వరసలో ఇద్దరు నిట్టూర్చారు. నిట్టూర్చనీ. మత్తు వల్ల రాగల ప్రమాదాలు, సరే. ముక్కులోంచి గొట్టం వేయడం వల్ల గొంతునొప్పి, సరే. ఏడో అంశం, వైద్యులకు అవసరమని తోచిన పళ్ళన్నిటినీ తీసివేయుటకు సమ్మతిస్తున్నాను. అదీ అసలు సంగతి, ఏడో అంశంలో పెట్టారు, ఆరో అంశానికే అందరికీ ఓపిక అయిపోతుందని. పెన్ను తీసి దాన్ని అడ్డంగా కొట్టేశాను. పక్కన రాశాను, వెనక పళ్ళు తీయవచ్చు, ముందు నాలుగు పళ్ళు నన్ను అడగకుండా తీయరాదు అని. కింద సంతకం, తేదీ, టైము. టైము కూడా వేయాలి, అది మా ఆఫీసు నేర్పింది. నర్సు గుడ్లప్పగించి చూసింది. "ఇలా కొట్టేయకూడదమ్మా, ఇది అచ్చేసిన ఫారం" అంది. "అచ్చేసింది దేవుడు కాదుగా" అన్నాను. మా ఆయన నా మోచెయ్యి మెల్లిగా గిల్లారు. ఆయనకి ఎక్కడా గొడవ కాకూడదు. నోట్లో నాలుక లేని మనిషి, ఆ నాలుక కూడా నీకే ఇచ్చాడమ్మా మా అన్నయ్య అంటుంది మా ఆడపడుచు. అవును, ఇచ్చారు. ఇంట్లో ఒకరికైనా ఉండాలి కదా.

మా గడుగ్గాయికి ఇరవై నాలుగేళ్ళు. అసలు పేరు ఆస్పత్రి చీటీల మీద ఉంది, ఇంట్లో మాత్రం మొదటి నుంచీ గడుగ్గాయే. పుట్టగానే ఏడవలేదు, ఊపిరి ఆలస్యంగా అందుకుంది, ఆ కాసేపు ఆలస్యానికి జీవితమంతా జరిమానా వేశారు. చేతులు చెప్పిన మాట వినవు. కాళ్ళు ఎవరైనా పట్టుకుంటే నాలుగడుగులు వేస్తాయి. తల తనంతట తానే ఊగుతుంది, కళ్ళు వాటి ఇష్టానికి మూతపడతాయి, నాలుక సరేసరి. చెవులు మాత్రం పాము చెవులు, పక్కింట్లో గుసగుసలాడుకున్నా దానికి కావాలి. దానికి ఆరేళ్ళప్పుడు ఒక సాయంత్రం జడ వేస్తున్నాను, ఎర్ర రిబ్బను వేయనా అని ఊరికే అడిగాను, నాతో నేను మాట్లాడుకున్నట్టు. టక్ మంది. పై పళ్ళూ కింది పళ్ళూ తగిలించిన చప్పుడు. పట్టించుకోలేదు. కాసేపాగి, పోనీ పచ్చది వేయనా అన్నాను. టక్ టక్. నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. మళ్ళీ ఎర్రది అన్నాను, ఒకటి. మళ్ళీ పచ్చది, రెండు. ఆ సాయంత్రమంతా పిచ్చిదానిలా అడుగుతూనే ఉన్నాను, ఇది కుర్చీయేనా, టక్, ఇది ఏనుగా, టక్ టక్, నేను మీ అమ్మనా, టక్, ఆయన మీ అమ్మా, టక్ టక్, అలా పొయ్యి మీద పాలు పొంగిపోయి, గిన్నె మాడిపోయి, ఇల్లంతా పొగొచ్చే దాకా. ఒకటి అవును, రెండు కాదు. నేను నేర్పలేదు, అదే నాకు నేర్పింది. ఆరేళ్ళ పాటు అది మాట్లాడుతూ ఉండి ఉంటుంది, నాకు వినబడలేదు, ఆ ఆరేళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. తర్వాత బొమ్మల పలక ఒకటి తెచ్చాం, వేలితో చూపించమని. చెయ్యి ఎగిరి ఎక్కడ పడితే అక్కడ కొట్టింది, అన్నం అడగబోతే రైలు మీద పడింది. దాని ఒంట్లో దాని మాట వినేవి ఆ ముందు పళ్ళు నాలుగే. మా ఆయన మాత్రం సగంసార్లు ప్రశ్న తప్పుగా వేస్తారు. బయటికి వెళ్దామా ఇంట్లో ఉందామా అని అడుగుతారు. దానికి అదేం చెబుతుంది? విసుగ్గా చూస్తుంది, ఒక్కోటి అడుగు నాన్నా అన్నట్టు.

మాట అని నేనంటాను. పెద్ద డాక్టరు అనరు. రెండు నెలల కిందట మొదట గ్యాసుతో ప్రయత్నించారు, నవ్వుల గ్యాసు అంటారట దాన్ని. పూర్తి నిద్ర ఉండదు, హాయిగా ఉంటుంది, భయం పోతుంది, నోరు తెరుస్తుంది అన్నారు. ముక్కు మీద చిన్న గులాబీరంగు మాస్కు పెట్టారు, స్ట్రాబెర్రీ వాసన వేసింది, పక్కన మీటరులో చిన్న గోళీ ఒకటి పైకి తేలింది. భయం పోయిన మాట నిజమే. రెండు నిమిషాలకి దాని భుజాలు దిగాయి, పిడికిళ్ళు విడ్డాయి. దాని చేతులు ఒళ్ళో అలా ఊరికే పడి ఉండటం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు, ఎంత అందమైన చేతులో, వేళ్ళు పొడుగ్గా మా అత్తగారి వేళ్ళలా. ఇక మొదలుపెట్టింది. టక్. టక్ టక్. టక్. ఎవరూ ఏమీ అడగలేదు, అదే మాట్లాడుతోంది. నేను గబగబా అందుకున్నాను. బాగుందా? టక్. ఇంకాసేపు కావాలా? టక్. నేను దెయ్యంలా ఉన్నానా? టక్. డాక్టరుగారు మంచివారేనా? టక్ టక్ టక్. మూడు! మూడుకి మా ఇంట్లో అర్థం లేదు, అది నవ్వని అప్పుడు తెలిసింది. గ్యాసు దానికి పెట్టారు, పడీపడీ నవ్వింది నేను, కళ్ళ నీళ్ళొచ్చేదాకా. నోరు తెరవమనండమ్మా అంటారు డాక్టరు, ఎలా తెరుస్తుంది, మాట మధ్యలో ఉంటే? బుగ్గ లాగి అద్దం పుల్ల పెట్టబోయారు, టక్ మని మూసింది. "బిగించేస్తోంది, పళ్ళు కొరుకుతోంది, గ్యాసుతో అయ్యే పని కాదు" అని మీట తిప్పేశారు. అయిదు నిమిషాలు ఉట్టి ఆక్సిజన్ పెట్టారు. గోళీ దిగిపోయింది, చప్పుడు పల్చబడింది, ఆ చేతులు మెల్లిగా మళ్ళీ ముడుచుకున్నాయి. అది మాట్లాడుతోందండీ అన్నాను. "అసంకల్పిత చర్య అమ్మా అది. ఇలాంటి కొందరికి ఉంటుంది. మీరు తల్లి కాబట్టి మీకు మాటల్లా వినిపిస్తుంది" అన్నారు. ఎంత జాలిగా అన్నారో! అరిచినా బాగుండేది.

ఆ తర్వాత నా వైపు చూడటం మానేసి మా ఆయనకి చెప్పారు. పూర్తి మత్తిచ్చి చేద్దాం. చేసేటప్పుడు ఎలాగూ చేస్తున్నాం, మొత్తం తీసేద్దాం. మూర్ఛలున్న అమ్మాయికి రెండేళ్ళకోసారి మత్తివ్వడం మంచిది కాదు, ఒక్కసారితో బెడద వదులుతుంది, మెత్తగా చేసి పెట్టండి, తోమే బాధ కూడా ఉండదు. మా ఆయన తలూపుతున్నారు. మీరెలా అంటే అలా డాక్టరుగారూ. నేను పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను. ఇంటికొస్తే ఆడపడుచు, "పోనీ తీయించెయ్యి వదినా, ఆ పళ్ళు దానికెందుకు, నవ్వి ఎవర్ని మెప్పించాలి" అంది. వినబడుతుందే తల్లీ దానికి, అన్నీ వినబడతాయి! గదిలోంచి టక్ టక్ అని గట్టిగా కొట్టింది. రెండు. ఆడపడుచు మొహం చూడాలి అప్పుడు. కాదంటోంది చూశావా అన్నాను. ఆవిడ కాఫీ సగంలో వదిలేసి లేచింది.

అసలు ఆ పళ్ళు పుచ్చిపోయింది ఎవరి వల్ల? చెప్పుకుంటే సిగ్గుచేటు. నా వల్లే. తోమనా అంటే రెండు కొట్టేది. బ్రష్షు నోట్లో పెడితే దానికి వాంతి వచ్చినట్టుంటుంది, పాపం. బలవంతాన తోమడం నాకు ఇష్టం లేదు, కాదన్న మనిషి నోట్లో ఎలా కెలుకుతాం? అందుకని బేరం పెట్టాను. తోమించుకుంటే పిప్పరమెంటు బిళ్ళ ఇస్తాను, సరేనా? టక్. అహా, నా కూతురు బేరమాడుతోంది అని ఎంత పొంగిపోయానో. పొద్దున ఒకటి, పడుకునే ముందు ఒకటి, తోమిన పళ్ళ మీద చక్కెర బిళ్ళ. పైన మూర్ఛ మందు సిరప్పు, అదీ పాకమే. పదేళ్ళు. పదేళ్ళు నా చేతులతో శుభ్రంగా తోమి, శుభ్రంగా పుచ్చబెట్టాను. మత్తిచ్చే డాక్టరమ్మ పరీక్ష చేయడానికి పిలిచినప్పుడు ఇన్నెలా పాడయ్యాయని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. "తోమాక పిప్పరమెంటా!" అంది. చిన్న మనిషి, ఎప్పుడూ నిద్రలేనట్టు కళ్ళు, నేను నిద్ర డాక్టరమ్మ అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ నన్ను తిట్టలేదు. గడుగ్గాయి వైపు తిరిగి, "మెడ వెనక్కి వాలిస్తే నొప్పుంటుందా?" అని దాన్నే అడిగింది. అడిగి ఆగింది. ఆగడం ఎవరికీ రాదు, అడుగుతారు, వెంటనే నా మొహం చూస్తారు. ఆవిడ ఆగింది. టక్ టక్ అంది మా పిల్ల. ఆవిడ కాగితం మీద నొప్పి లేదు అని రాసుకుంది. నేను చెప్పకుండానే రాసుకుంది. లోపల ఆవిడ ఉందన్న ఒక్క ధైర్యంతోనే ఇప్పుడిక్కడ కాళ్ళ మీద నిలబడి ఉన్నాను.

పదకొండూ పది. స్విచ్చు కనబడటం లేదు, ఎవరో అడ్డం నిలబడ్డారు. పచ్చటి గౌను వీపు. కదిలింది. మళ్ళీ స్విచ్చు. మా ఆయన చేతిలో దాని చెప్పులు పట్టుకుని కూర్చున్నారు, సంచిలో పెట్టమంటే పెట్టరు. ఆ చెప్పులు పొద్దున దాని కాళ్ళకి తొడిగింది నేను. ఏం చేయాలన్నా అడుగుతాను దాన్ని, లేద్దామా, స్నానం చేద్దామా, కిటికీ తీయనా, పద్దెనిమిదేళ్ళుగా అడగకుండా దాని ఒంటి మీద చెయ్యి వేసింది లేదు. ఇవాళా అడిగాను. ఆస్పత్రికి వెళ్దామా? టక్ టక్. పళ్ళు బాగుచేస్తారు తల్లీ, వెళ్దామా? టక్ టక్. నొప్పి ఉండదు, నిద్రపుచ్చుతారు, నేనుంటాను. టక్ టక్. ఎంత స్పష్టంగా అంది! ఇంక మూడుసార్లు కాదన్నాక ఏం మిగిలింది? నేను వంగి చెప్పులు తొడిగేసి, "ఆఁ, సరే అంది, పదండి" అని మా ఆయనతో అన్నాను. పైకి, వినబడేట్టు, దాని ఎదురుగానే. అది నా మొహంలోకి చూసింది. తల ఊగుతున్నా, కళ్ళు మూసుకుపోతున్నా, చూడాలనుకుంటే చూస్తుంది అది. ఆ తర్వాత దారంతా కారులో ఒక్క టక్ లేదు. ఇంకాసేపట్లో దిగుతామా, చలేస్తోందా, కిటికీ దించనా, దేనికీ లేదు. పైన లైట్లున్న గదిలోకి నన్నూ రానిచ్చారు నిద్రపట్టేదాకా. డాక్టరమ్మ మాస్కు పెడుతూ భయంగా ఉందా అంది, ఆగింది, జవాబు లేదు. అది కప్పు వైపు చూస్తూ ఊపిరి పీల్చింది. చేతులు దిగాయి, వేళ్ళు విడ్డాయి, కళ్ళు మూతపడ్డాయి, ఇంక మీరు వెళ్ళొచ్చమ్మా అన్నారు. డాక్టరు దాన్ని అసంకల్పిత చర్య అన్నందుకు రెండు నెలలుగా ఆయన మీద పళ్ళు కొరుకుతున్నాను. ఇవాళ పొద్దున నేను చేసిందేమిటి? వినబడనట్టు నటించాను. ఆయనకి నిజంగా తెలియక అన్నారు, నేను తెలిసి చేశాను. అయినా సరే, ఇంకోసారి ఇలాగే వద్దన్నా తీసుకొస్తాను. పుచ్చు చిగుళ్ళలోకి దిగి మొన్న మూడు రోజులు జ్వరంతో మూలిగింది. తీసుకురాక ఏం చేయను? కానీ అబద్ధం చెప్పాల్సిన పని లేదు. నువ్వు వద్దంటున్నావు, విన్నాను, అయినా తీసుకెళ్తున్నాను అని చెప్పొచ్చుగా. నోరు రాలేదు, అంత నోరున్నదాన్ని.

పదకొండూ ఇరవై అయిదుకి తలుపు తెరుచుకుంది. పెద్ద డాక్టరు మాస్కు కిందికి లాక్కుని వచ్చారు, చేతిలో నేను కొట్టేసిన కాగితం, వెనకాల నర్సు.

"వెనక పళ్ళు అయిదు తీసేశాం. మిగతావి నింపాం. ముందు నాలుగూ లోతుగా పుచ్చిపోయాయమ్మా, రెండింటికి నరం దాకా ఉంది. నిలబెట్టాలంటే ఇంకో యాభై నిమిషాలు. తీసేస్తే అయిదు నిమిషాలు. మీరు అడగమని రాశారు కాబట్టి అడుగుతున్నాను."

"నిలబెట్టండి."

"వినండి. మూర్ఛలున్న పిల్ల. మత్తులో ఎంత తక్కువసేపుంటే అంత మంచిది. మీకు పళ్ళు ముఖ్యమా, పిల్ల ముఖ్యమా?"

అడగరాని ప్రశ్న అడిగాడు మహానుభావుడు. మా ఆయనలాగే ఒకేసారి రెండు అడిగాడు, ఇదా అదా అని. దేనికి ఒకటి కొట్టను, దేనికి రెండు కొట్టను? కళ్ళ ముందు దాని వేళ్ళు, విడిపోయిన వేళ్ళు, మళ్ళీ ముడుచుకోకపోతే? యాభై నిమిషాల పంతానికి పిల్ల లేవకపోతే నేనే మొహంతో బతకాలి? పోనీ తీసేయండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, నిజం, వచ్చింది. అప్పుడు కౌంటరు గుర్తొచ్చింది. ఎవరైనా మరీ భయపెడుతుంటే నేను మొదట చూసేది, అది వాళ్ళ సెక్షనా కాదా అని.

"డాక్టరుగారూ, పళ్ళ సంగతి మీది. ఎంతసేపు నిద్రపుచ్చొచ్చో చెప్పాల్సింది లోపలున్న డాక్టరమ్మ. ఆవిడని అడిగి చెప్పండి" అన్నాను.

ఆయన మొహం మాడింది. నర్సు ఆయన వైపు ఒకసారి చూసి, ఆయన ఏమీ అనకముందే లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చి, "అన్నీ నిలకడగా ఉన్నాయట. ఇంకో గంటైనా ఫరవాలేదన్నారు మేడమ్. ఏ మాత్రం తేడా కనిపించినా ఆపేయమంటానన్నారు" అంది. ఆ నర్సు పిల్ల గొంతులో కూడా కాస్త పౌరుషం వినిపించింది నాకు, లేక నేను అలా అనుకున్నానో.

"సరే, మత్తు సంగతి వదిలేద్దాం" అన్నారు పెద్ద డాక్టరు. "పన్నెండింటికి ఇంకో కేసుంది. దేని కోసం ఇదంతా? ఆ చప్పుడు మాట కాదమ్మా. మీకు ముందే చెప్పాను." నాతో లాభం లేదని మా ఆయన వైపు తిరిగి కాగితం, పెన్నూ చాపారు. "తండ్రిగా మీరు చెప్పండి. సంతకం మీరు పెట్టినా చాలు."

మా ఆయన చెప్పులు కుర్చీలో పెట్టి లేచారు. పెన్ను తీసుకున్నారు. అయిపోయింది అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఈయన ఒక్కరికీ ఎదురు చెప్పగా చూడలేదు, చిల్లర తక్కువిచ్చినా కండక్టరుకి థాంక్స్ చెప్పి దిగే మనిషి. ఆయన కాగితం చూశారు, నేను అడ్డంగా కొట్టిన గీత చూశారు, కళ్ళజోడు సర్దుకున్నారు.

"నాకు గొడవలంటే పడవు డాక్టరుగారూ" అన్నారు. "కానీ ఒక్క మాట. రోజూ పొద్దున నేను రేడియోలో వార్తలు పెట్టుకుంటాను. దానికి పడదు. ఆపనా అంటాను, ఒకటి కొడుతుంది. ఇంకో అయిదు నిమిషాలుంచనా అంటాను, రెండు కొడుతుంది. పద్దెనిమిదేళ్ళుగా నేను వార్తలు పూర్తిగా విన్న పాపాన పోలేదు. మీరన్నట్టు అసంకల్పిత చర్యే అయితే, ఒక్కరోజన్నా నేను గెలిచుండాలి కదండీ?"

పెన్ను తిరిగిచ్చేశారు. నర్సు నేల చూస్తోంది, నవ్వాపుకుంటోందని తెలుస్తూనే ఉంది. "తర్వాతి కేసు వాళ్ళకి మీరే చెప్పుకోండి" అని డాక్టరు మాస్కు పైకి లాక్కుని లోపలికి వెళ్ళిపోయారు. చెప్పుకుంటాను, దానికేం, ఆ పని నాకు బాగా వచ్చు. వరండా చివర దవడ వాచిన పెద్దాయనా ఆయన కోడలూ కూర్చుని ఉన్నారు. వెళ్ళి, "మా అమ్మాయికి ఇంకో గంట పడుతుందండీ, ఆలస్యం మా వల్లే, తిట్టాలనుకుంటే నన్ను తిట్టండి, నాకు అలవాటే" అన్నాను. కోడలు మూతి ముడిచింది. పెద్దాయన వాచిన దవడ పట్టుకుని, పర్లేదు పర్లేదు అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆయన కాళ్ళకి దండం పెడదామనిపించింది.

ఇక ఆ యాభై నిమిషాలు. పంటి బిగువున నిలబడ్డాను అంటే సరిపోతుందేమో, ఇంకో మాట తెలియదు. గెలిచానన్న ఉత్సాహం మూడు నిమిషాలు కూడా లేదు. లోపల ఏదైనా మోగితే నా వల్ల, గొట్టం జారితే నా వల్ల, ఊపిరి తడబడితే నా వల్ల. పిప్పరమెంటూ నా వల్లే, పంతమూ నా వల్లే. ఎవరి కోసం ఇదంతా, దాని కోసమా నా కోసమా? దాని మాట పోతే దానికెంత నష్టమో, నాకూ అంతే కదా, నన్ను అమ్మవా అంటే అవునని చెప్పడానికి దానికి ఇంకో దారి లేదు, అది వినకుండా నేను బతకలేను, ఉన్నమాట అది. స్వార్థమే అనుకోండి. ఎవరికి లేదు? పళ్ళు లేకపోతే మెత్తగా పెట్టొచ్చన్న వాళ్ళందరికీ లేదా, వాళ్ళకి పని తగ్గాలని? నా స్వార్థం నా కూతురితో మాట్లాడాలని. పోల్చి చూసుకుంటే నాదే నయం. పోనీ రేపు లేచి నాతో మాట్లాడకపోయినా సరే, లేస్తే చాలు. లేవాలి. లేచి తీరాలి. మా ఆయన నా పక్కనొచ్చి నిలబడ్డారు. అంతసేపు మాట్లాడినందుకు అలిసిపోయినట్టున్నారు. నేను ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

పన్నెండూ ఇరవైకి నిద్ర డాక్టరమ్మ వచ్చింది. టోపీ తీసేసి ఉంది, జుట్టంతా చెమటకి అంటుకుపోయింది. "నాలుగూ ఉన్నాయి" అంది ముందుగా, నేను అడగకముందే. "మీ పెద్ద డాక్టరు తిట్టుకుంటూనే చాలా బాగా చేశారు. పిల్ల లేస్తోంది, రండి." నేను ఏడవలేదు, మా ఆయన ఏడ్చారు, నాకు ఏడవడానికి తీరికెక్కడిది. లోపల చిన్న గది, మంచం మీద పక్కకి తిరిగి పడుకోబెట్టారు, బుగ్గల్లో దూది, పెదవుల మీద ఎండిన రక్తం, వాచిన మూతి. ఒళ్ళంతా చలికి వణుకుతోంది, వేళ్ళు ముడుచుకున్నాయి, బతికిపోయాను, ముడుచుకున్నాయి. తల్లీ, నేనే, అమ్మని. కళ్ళు తెరిచింది. చూసింది. నొప్పిగా ఉందా? జవాబు లేదు. చలిగా ఉందా? లేదు. అమ్మలూ, నేను చెప్పేది వినబడుతోందా? దానికీ లేదు. ఏమైంది దీనికి? పళ్ళు ఉంచారు సరే, పనిచేయడం లేదా, నరం తీసేస్తే చప్పుడు రాదా, యాభై నిమిషాల మత్తు ఇంకేదైనా చేసిందా, నేను ఏం చేశాను? తిమ్మిరి ఉంటుందమ్మా, కంగారు పడకండి అంటోంది నర్సు. అంటూ దాని మీదికి వంగి, "ఇంకో దుప్పటి కప్పనా?" అంది. అని ఆగింది.

టక్.

మెత్తగా, దూది అడ్డం వచ్చి కాస్త మొద్దుగా, కానీ టక్. నర్సు మొహం వెలిగిపోయింది. దుప్పటి కప్పింది. "లైటు తగ్గించనా?" టక్. మా ఆయన ముందుకొచ్చి, "నాన్నని గుర్తుపట్టావా?" అన్నారు, ఈసారి సరైన ప్రశ్న వేశారు. టక్. నేను గబగబా వంగి, "మరి నేనో, నన్ను గుర్తుపట్టావా?" అన్నాను. అది నన్ను చూసింది. కళ్ళు మూతపడకుండా, తల ఊగకుండా బలవంతాన బిగించి సూటిగా చూసింది. దవడ కదిలించలేదు. మెల్లిగా, ఎంత కష్టపడి తిప్పిందో నాకు తెలుసు, మొహం అటు గోడ వైపు తిప్పేసుకుంది.

తిమ్మిరి కాదు, తల తిరుగుడు కాదు. కోపం. నా మీద కోపం. పొద్దున కాదన్నది మూడుసార్లు వినిపించి, నేను విననట్టు నటించి, అవునందని దాని ఎదురుగానే అబద్ధమాడినందుకు కోపం. వాచిన మూతితో, పెదవుల మీద ఎండిన రక్తంతో, లేవగానే గుర్తుపెట్టుకుని మరీ. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది, రెండూ కలిసి ముక్కులోంచి కారాయి. దాని చెవి దగ్గర వంగి, "నువ్వు వద్దన్నావు. నాకు వినబడింది. వినబడి కూడా తీసుకొచ్చాను" అన్నాను. గోడ వైపే ఉంది. మా ఆయన నా భుజం తట్టి, "పోనీలే, సాయంత్రానికి సర్దుకుంటుందిలే" అన్నారు.

"సర్దుకోనక్కర్లేదు" అన్నాను. "తప్పు నాది. ఎన్నాళ్ళు కోప్పడుతుందో కోప్పడనివ్వండి."